డ్రిల్లు మాస్టారి జవాబులు: బెర్లిన్‌లో ఆరు రోజుల సైకిలు పందెం

పోయిన నెల మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తూ, "బెర్లిన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆరు రోజుల సైకిలు పందెం చూశాను, ఆ రాత్రి నా మోకాలు సంగతే మరిచిపోయాను" అని మాటవరసకు ఒక వాక్యం అన్నాను. మోకాళ్ళ గురించి వచ్చిన ఉత్తరాలు మూడు. ఆ ఒక్క వాక్యం గురించి వచ్చినవి బల్ల మీద కట్ట కట్టి పెట్టాను. అందుకని ఈసారి వేరే ఏ ఆట ఊసూ లేదు. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉంటే కలిపేశాను.

*

ప్రశ్న: మాస్టారూ, మా చిన్నప్పుడు ఊళ్ళోకి సైకిలు తొక్కే మనిషి వచ్చేవాడు. వారం రోజులు దిగకుండా గుండ్రంగా తొక్కేవాడు. బెర్లిన్ పందెం కూడా అలాంటిదేనా? ఆరు రోజులూ వాళ్ళు నిద్రపోరా? (ఒక పాఠకుడు, బాపట్ల)

జవాబు: పుట్టుక చూస్తే అలాంటిదేనండి. ముందు మా ఊరి మనిషి సంగతి చెప్పనివ్వండి.

రేపల్లె పక్కన మా ఊరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చావిడి ముందు ఒకాయన వచ్చి దిగాడు. దిగాడు అనకూడదు, ఎక్కాడు. సున్నంతో పెద్ద చుట్టు గీశారు. మధ్యలో వెదురు గుంజ, దానికి మైకు, రాత్రికి పెట్రోమాక్సు లైటు. ఏడు రోజులు నేల మీద కాలు మోపనని మైకులో చెప్పి సైకిలెక్కాడు. దాని మీదే పళ్ళు తోముకున్నాడు, బిందె ఎత్తి నెత్తిన నీళ్ళు కుమ్మరించుకున్నాడు, చొక్కా మార్చుకున్నాడు, అన్నం తిన్నాడు. మా నాయనమ్మ మాత్రం నమ్మలేదు. "రాత్రిపూట దిగుతాడ్రా, ఎవడు చూడొచ్చాడు?" అంది. నేను దిగడన్నాను. మా పక్కింటి కుర్రాడు దిగుతాడన్నాడు. పావలా పందెం.

మూడో రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇద్దరం వెళ్ళాం. లైటు బాగా తగ్గించి ఉంది. ఆయన సీటు మీదే ఉన్నాడు, గడ్డం గుండెకు ఆనుకుని ఉంది, గురక వినిపిస్తోంది. వాళ్ళావిడ ఒక చేత్తో హేండిలు, ఇంకో చేత్తో సీటు వెనక పట్టుకుని ఆ సున్నపు గీత వెంబడే సైకిలు నడిపించుకుంటూ పోతోంది. మమ్మల్ని చూసి, కేకలేయకుండా, నోటి మీద వేలు పెట్టుకుంది. ఆయన దిగలేదు, అలాగని తొక్కనూ లేదు. ఆ పావలా ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

ఇక వాళ్ళ సంగతి. బెర్లిన్‌కి ఈ పందెం అమెరికా నుంచి వచ్చింది, అమెరికాకు లండన్ నుంచి. 1878 ఫిబ్రవరిలో డేవిడ్ స్టాంటన్ అనే ఆయన, రోజుకు 18 గంటల చొప్పున ఆరు రోజుల్లో వెయ్యి మైళ్ళు తొక్కుతానని వంద పౌండ్లకు పందెం కాశాడు. లండన్ ఇస్లింగ్టన్‌లో అగ్రికల్చరల్ హాలు అని ఉండేది, దాని కప్పు కింద తొక్కాడు. ముందు చక్రం మనిషెత్తు, వెనక చక్రం పళ్ళెమంత ఉండే పాతకాలపు సైకిలు. 73 గంటల తొక్కుడులోనే వెయ్యి మైళ్ళు ముగించి డబ్బు పట్టుకుపోయాడు. అదే ఏడాది నవంబరులో అదే హాల్లో చాలామందిని కలిపి పోటీ పెట్టారు. 1891కి అది న్యూయార్క్ మేడిసన్ స్క్వేర్ గార్డెన్ చేరింది.

అక్కడ ఇది ముదిరింది. నిద్రపోయినవాడు వెనకబడతాడు, అంతకు మించి నియమం లేదు. 1896లో టెడ్డీ హేల్ 1,910 మైళ్ళు తొక్కి గెలిచాడు. మరుసటి ఏడాది చార్లెస్ మిల్లర్ 2,093 మైళ్ళు తొక్కాడు, అంటే 3,300 కిలోమీటర్ల పైమాట. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళి తిరిగొచ్చినా అంత ఉండదు. 1896 పందెంలోనే మేజర్ టేలర్ అనే నల్లజాతి కుర్రాడు, అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు, 1,732 మైళ్ళు తొక్కి ఎనిమిదోవాడుగా వచ్చాడు. మూడేళ్ళ తర్వాత అతనే స్ప్రింటులో, అంటే చిన్న దూరం వేగపు పందెంలో, ప్రపంచ విజేత అయ్యాడు. ఆరు రోజుల పందెంలో మాత్రం చివరికొచ్చేసరికి, ఎవడో కత్తి పట్టుకుని చుట్టూ తరుముతున్నాడు, ఇక తొక్కలేనని అన్నాడట. తరిమేవాడెవడూ లేడు, నిద్రలేమి అది. చాలామందికి అలాగే లేనివి కనిపించేవి. 1897లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇది క్రీడ కాదు, క్రౌర్యం అని రాసింది.

1898లో చట్టం వచ్చింది: ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదు. పందెం పెట్టేవాళ్ళు ఊరుకుంటారా? రెండు పన్నెండులు ఇరవై నాలుగు! జట్టుకు ఇద్దర్ని పెట్టారు. ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు పడుకుంటాడు, చక్రం మాత్రం ఆగదు. 1899లో మిల్లర్, ఫ్రాంక్ వాలర్ జోడీ 2,733 మైళ్ళు తొక్కింది. కనికరంతో తెచ్చిన చట్టం వల్ల దూరం ఇంకా పెరిగింది చూడండి. 1914లో ఆస్ట్రేలియా వాళ్ళు ఆల్ఫ్ గూలే, ఆల్ఫ్రెడ్ గ్రెండా 2,759 మైళ్ళ దాకా లాగారు. ఈ జంట పందేనికి ఆ హాలు పేరే మిగిలిపోయింది, మేడిసన్ అంటారు. ఫ్రెంచివాళ్ళు అమెరికెన్ అంటారు. మా ఊళ్ళో ఆ ఇల్లాలు చేసింది కూడా అదే. ఆవిడకు ఎవరూ దండ వేయలేదు.

బెర్లిన్ వాళ్ళు 1909లో అందుకునేసరికే ఇది జోడీల పందెం. అయినా రాత్రింబవళ్ళు జట్టుకొకడు ట్రాక్ మీద ఉండి తీరాల్సిందే. తెల్లవారుజామున జనం పల్చబడ్డాక అందరూ నెమ్మదిగా తిరిగేవాళ్ళు. హేండిలు మీద పేపరు పరుచుకుని చదువుతూ తొక్కేవాళ్ళ ఫొటోలు ఉన్నాయి. తర్వాత తర్వాత ఆ వేళల్లో పోటీయే ఆపేశారు. 1967లో లండన్‌లో పెట్టిన కొత్త పందెంలో రాత్రి తొక్కుడే తీసేశారు, మధ్యాహ్నమూ సాయంత్రమూ తొక్కితే చాలన్నారు. మిగతా ఊళ్ళూ మెల్లగా ఆ దారికే వచ్చాయి. అంచేత మీ ప్రశ్నకు జవాబు: ఇప్పుడు అర్ధరాత్రి దాటాక అందరూ హోటలుకి పోయి పడుకుంటారు. స్టాంటన్ నుంచి లెక్కేస్తే, మనిషికి ఆ నిద్ర దొరకడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

*

ప్రశ్న: ఐదు కాదు, ఏడు కాదు, ఆరే ఎందుకు? (ఒక ఇంటర్ విద్యార్థిని, నల్లగొండ)

జవాబు: ఆదివారం వల్లనమ్మా. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఆ రోజుల్లో ఆదివారం ఆటలు ఆడితే తప్పు. ఆదివారం అర్ధరాత్రి దాటగానే మొదలుపెట్టి శనివారం రాత్రికి ముగిస్తే మిగిలేవి ఆరు రోజులే. సైకిళ్ళకన్నా ముందు ఇలాగే ఆరు రోజుల నడక పందేలు కూడా ఉండేవి. బెర్లిన్‌లో ఆదివారం గొడవ లేకపోయినా ఆరు అన్న అంకె అలాగే ఉండిపోయింది.

*

ప్రశ్న: నేను వ్యాయామ విద్య చదువుతున్నాను. జట్టులో ఇద్దరూ ఒకేసారి ట్రాక్ మీద ఉంటారని విన్నాను. మరి ఎవరు పందెంలో ఉన్నట్టు? ఒకరి నుంచి ఒకరికి ఎలా మారుతుంది? (కర్నూలు)

జవాబు: మంచి ప్రశ్న. హాల్లో కూర్చుని ఇది అర్థం చేసుకోవడానికి నాకే అరగంట పట్టింది.

ముందు బండి. ఆ సైకిలుకు బ్రేకుల్లేవు, ఫ్రీవీలు లేదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడలు తిరుగుతూనే ఉంటుంది, కాలు ఆపడం కుదరదు. నిదానించాలంటే పెడలుకు ఎదురు నొక్కాలి, లేదా వాలు పైకి ఎక్కించాలి. ట్రాక్ చెక్కది, బెర్లిన్‌లో చుట్టు 250 మీటర్లు. మలుపుల దగ్గర గోడలా లేచి ఉంటుంది. దాని మీద వేగం తగ్గితే జారి కిందికొస్తావు.

జోడీలో ఒకడు కింది అంచున ప్రాణం పెట్టి తొక్కుతుంటాడు. పందెంలో ఉన్నది వాడే. రెండోవాడు పైన, వాలు మీద, నెమ్మదిగా తిరుగుతూ ఊపిరి పీల్చుకుంటుంటాడు. కిందివాడు చుట్టు తిరిగి వచ్చే వేళకు పైవాడు కిందికి దిగి కొంచెం వేగం అందుకుంటాడు. వెనక నుంచి వచ్చినవాడు వీడి చెయ్యి పట్టుకుని ముందుకు విసురుతాడు. రిలేలో కర్ర అందించినట్టు కాదు, తన వేగాన్నే మొత్తంగా ఇచ్చేస్తాడు. ఇచ్చినవాడు వెలవెలబోయినట్టు ఒక్కసారిగా నెమ్మదించి పైకి పోతాడు, అందుకున్నవాడు బాణంలా పోతాడు. ఇది ఒకటి రెండు చుట్లకోసారి జరుగుతుంది. ఇలాంటి జోడీలు పది పదిహేను ఒకేసారి చేస్తుంటాయి. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకోవాలో వాళ్ళకెలా తెలుస్తుందో గానీ, నేను చూసిన రాత్రి ఒక్కరూ తప్పు చెయ్యి పట్టుకోలేదు.

లెక్క కూడా చెప్తాను, పరీక్షలో అడగరు గానీ తెలిసుండాలి. ఆరు రోజుల పందెంలో మిగతావాళ్ళ కన్నా ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరిగిన జోడీ ముందు. చుట్లు సమానమైతే మధ్యమధ్య స్ప్రింటుల్లో తెచ్చుకున్న పాయింట్లు చూస్తారు. 2000లో సిడ్నీలో దీన్ని ఒలింపిక్స్‌లో చేర్చి, 2008 తర్వాత తీసేసి, 2021లో జరిగిన టోక్యో ఆటల్లో మళ్ళీ పెట్టారు. ఈసారి ఆడవాళ్ళకు కూడా. చూడాలంటే ఆ వీడియోలు నిదానంగా ఆపుకుంటూ చూడు, మామూలు వేగంలో చూస్తే కళ్ళు తిరుగుతాయి.

*

ప్రశ్న: బెర్లిన్‌లోనే ఎందుకు అంత పేరు? ఆ హాలు గురించి, మీరు చూసిన రాత్రి గురించి రాయండి. (హైదరాబాద్, గుంటూరు, ఇంకా చాలా ఊళ్ళ నుంచి)

జవాబు: ఒక హాలు కాదండీ, అరడజను హాళ్ళు. పందెం ఒకటే, ఇళ్ళు మారుస్తూ వచ్చింది.

అమెరికా తరహా జోడీల పందెం యూరప్‌లో మొదట నిలదొక్కుకున్నది బెర్లిన్‌లోనే. 1909 మార్చి 15న జూ పక్కనున్న ప్రదర్శనశాలలో మొదలైంది. గెలిచింది అమెరికావాళ్ళు, ఫ్లాయిడ్ మెక్‌ఫార్లండ్, జిమ్మీ మోరన్. (ఆ మెక్‌ఫార్లండ్ చావు పందెంలో రాలేదు. 1915లో న్యూవార్క్‌లో సైకిలు ట్రాక్ దగ్గర తినుబండారాలు అమ్మే అతనితో మాటామాటా పెరిగి, స్క్రూడ్రైవర్ తలలో దిగి పోయాడు.)

1911 నుంచి పోట్స్‌డామర్ వీధిలోని స్పోర్ట్‌పలాస్ట్‌కి మారింది. మంచు మీద స్కేటింగుకని 1910లో కట్టిన హాలు అది. అసలు కథ అక్కడే. కింద, ట్రాక్ మధ్యలో, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు షాంపేను తాగుతూ కూర్చునేవారు. పైన, కప్పుకు దగ్గరగా, చవక టికెట్టువాళ్ళు. ఆ పై భాగాన్ని హాయ్‌బోడెన్ అనేవారు, అంటే ఎండుగడ్డి దాచుకునే అటక. మన సినిమాహాలు నేల టికెట్టువాళ్ళను తీసుకెళ్ళి అటక మీద కూర్చోబెట్టినట్టు ఊహించుకోండి. కేకలు, వెటకారం, ఈలలు అన్నీ పైనుంచే. ఏ షాంపేను మనిషైనా డబ్బులిచ్చి ప్రత్యేక స్ప్రింటు పెట్టించకపోతే అటక ఊరుకునేది కాదు.

అటకకు రాజు ఒకడున్నాడు. పేరు రైన్‌హోల్డ్ హాబిష్. సైకిలు పందెగాడు అవుదామనుకున్నాడు గానీ కుర్రతనంలోనే ప్రమాదంలో కాలు పోయింది. చంకలో కర్ర పెట్టుకుని వచ్చేవాడు కనక అందరూ క్రూకె అనేవారు, ఊతకర్ర అని అర్థం. మన ఊళ్ళల్లో పెట్టినట్టే మొహమాటం లేని పేరు. 1923లో ఒట్టో కెర్మ్‌బాక్ బ్యాండు అక్కడ ఒక వాల్ట్జ్ వాయించింది, వీనర్ ప్రాటర్‌లేబెన్ అని వియన్నా తిరునాళ్ళ మైదానం మీద కట్టిన పాత బాణీ. అందులో ఒక చోట క్రూకె పైనుంచి వేళ్ళు నోట్లో పెట్టి నాలుగు ఈలలు వేశాడు. జనం పట్టేసుకున్నారు. ఆ తర్వాత ఆ బాణీ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, స్పోర్ట్‌పలాస్ట్ వాల్ట్జ్ అయిపోయింది. ఈలలు లేకుండా అది వాయిస్తే బెర్లిన్‌లో ఇప్పటికీ ఒప్పుకోరు.

ఆ బాణీ కట్టింది సీగ్‌ఫ్రీడ్ ట్రాన్స్‌లాట్యూర్. 1892లో, పదిహేడేళ్ళ వయసులో కట్టాడు. యూదు మూలాలున్న మనిషి. నాజీలు వచ్చాక వృత్తి చేసుకోనివ్వలేదు. 1943లో తెరేజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పట్టుకుపోయారు, 1944లో అక్కడే పోయాడు. ఇక పందెం సంగతి. డబ్బు చుట్టూ తిరిగే ఈ తమాషా నాజీలకు గిట్టలేదు. బహుమతుల మీద, నియమాల మీద బిగించుకుంటూ వచ్చారు, 1934తో పందెమే ఆగిపోయింది. సైకిళ్ళు తిరిగిన అదే హాల్లో 1943 ఫిబ్రవరి 18న నాజీల ప్రచార మంత్రి గోబెల్స్ నిలబడి, సంపూర్ణ యుద్ధం కావాలా అని జనాన్ని అడిగాడు. ఆ హాల్లో జనం అరిచిన అరుపు ప్రపంచానికి గుర్తుండిపోయింది అదే. ఈల సంగతి బెర్లిన్ దాటి ఎవరికీ పెద్దగా తెలియదు, అది నాకు కష్టంగా ఉంటుంది. ట్రాన్స్‌లాట్యూర్‌ని పట్టుకుపోయింది ఆ ఉపన్యాసం జరిగిన రెండు నెలలకే.

1944 జనవరిలో బాంబులు పడి హాలు కాలింది. యుద్ధమయ్యాక 1949లో పందెం రేడియో టవరు దగ్గరి హాల్లో మళ్ళీ మొదలైంది. స్పోర్ట్‌పలాస్ట్‌ని బాగుచేశాక తిరిగి అక్కడికే వచ్చింది. ఆ కాలంలో క్లౌస్ బుగ్డాల్ అనే బెర్లిన్ మనిషి సొంత ఊళ్ళోనే తొమ్మిదిసార్లు గెలిచాడు. 1973లో స్పోర్ట్‌పలాస్ట్‌ని పడగొట్టారు. ఇప్పుడక్కడ పెద్ద అపార్ట్‌మెంటు ఉంది. మా అల్లుడు చూపిస్తానని తీసుకెళ్తే, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూసి వచ్చాను. తర్వాత డాయిచ్‌లాండ్‌హాల్లో 1990 దాకా నడిచి ఆగింది. ఊరిని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడకు అవతల, తూర్పు బెర్లిన్ వాళ్ళకు వేరే హాలుండేది. పాత పశువుల సంతలోని కట్టడాన్ని మార్చి కట్టారు, నాజీలు చంపేసిన కుస్తీ యోధుడు వెర్నర్ జేలెన్‌బిండర్ పేరు పెట్టారు. అక్కడా చలికాలంలో సైకిలు పందేలు జరిగేవి.

గోడ పోయాక బెర్లిన్ 2000 ఒలింపిక్స్ అడిగింది. సిడ్నీకి వెళ్ళిపోయాయి. అయితే ఒలింపిక్స్ వస్తాయన్న ఆశతో మొదలుపెట్టిన వెలోడ్రోమ్, అంటే సైకిలు పందేల హాలు, మాత్రం పూర్తయింది. జేలెన్‌బిండర్ హాలు తీసేసి ఆ చోటే కట్టారు. 1997 నుంచి పందెం అందులో. ఫ్రెంచి ఆర్కిటెక్టు డొమినిక్ పెర్రో దాన్ని భూమిలోకి దించేశాడు. పైన ఆపిల్ తోట వేశారు. లాండ్స్‌బెర్గర్ అలే స్టేషనులో దిగి హాలు ఎక్కడా అని వెతికితే నాకు కనిపించింది ఆకుల్లేని చెట్లూ మంచూ, మధ్యలో పెద్ద ఇనప మూతలాంటి కప్పు! మన దిగుడుబావిలోకి దిగినట్టు మెట్లు దిగాలి.

2019 జనవరి అది. దిగగానే వెచ్చదనం, వేయించిన సాసేజీల వాసన, బీరు వాసన, చెవులు పగిలే పాటలు. అమ్మాయి ముందే చెప్పింది, "నాన్నా, అక్కడ ఎవరూ పందెం ఒక్కటే చూడరు" అని. నిజమే. సగంమంది తింటున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు, మధ్యలో ఎవరో డాన్సు కూడా చేస్తున్నారు. తిరునాళ్ళలో రథం ఒక పక్క కదులుతుంటే జనం జీళ్ళు కొనుక్కోవడం లేదూ? అలాగే. ట్రాక్ లోపలి అంచున తెర వేసిన చిన్న చిన్న గదులు, మంచమంత. తొక్కి వచ్చినవాళ్ళు అందులో కూలబడి కాళ్ళు నొక్కించుకుంటారు.

జోడీ పందేలు తప్ప ఇంకేమీ ఉండదనుకున్నాను. మధ్యలో చిన్న మోటారు బళ్ళు వచ్చాయి, పెడళ్ళున్నవి. అచ్చం మన లూనా! డెర్నీ అంటారు. నల్ల బట్టలేసుకున్న బొజ్జ పెద్దాయన లూనా నడుపుతుంటే వెనకాలే, గాలి తగలకుండా, పందెగాడు తొక్కుతాడు. బొజ్జ ఎంత ఉంటే వెనకవాడికి అంత నీడ. ఆ రాత్రి నాకు బాగా నచ్చింది ఆ బొజ్జ పెద్దాయనలే. నా వయసువాళ్ళకు కూడా అక్కడ ఉద్యోగం ఉంది.

పదిన్నర దాటాక ఆ వాల్ట్జ్ వచ్చింది. ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు చెప్పినవాణ్ణి, తాళాల గుత్తికి విజిలు లేకుండా బయటికి అడుగు పెట్టను. జనం ఈల వేసే చోటు మొదటిసారి విన్నాను, రెండోసారికి నేనూ ఊదాను. నాలుగూ. మా అమ్మాయి తల పట్టుకుంది. ముందు వరసలో ఉన్న ముసలావిడ వెనక్కి తిరిగి, నా విజిలు చూసి, బొటనవేలు ఎత్తింది.

*

ప్రశ్న: మాస్టారూ, ఏమీ అనుకోకండి. గానుగెద్దులా చుట్టూ తిరగడంలో ఏముంది? ఎక్కడ మొదలైతే అక్కడే ముగుస్తుంది. (ఒక రిటైర్డ్ తహసీల్దారు, విజయనగరం)

జవాబు: ఎందుకనుకుంటానండీ, బెర్లిన్‌లోనే అన్నారు ఆ మాట. ప్రేగ్ నుంచి వచ్చిన పత్రికారచయిత ఎగోన్ ఎర్విన్ కిష్ 1920ల్లో స్పోర్ట్‌పలాస్ట్‌లో ఈ పందెం చూసి రాసిన వ్యాసానికి, కోలగా ఉన్న తొక్కుడు గానుగ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. తహసీల్దారు గారూ, మీరు ఒంటరివారు కారు.

నాకు తోచింది చెప్తాను. గానుగెద్దు కళ్ళకు గంతలుంటాయి. వీళ్ళకు కళ్ళు తెరుచుకుని ఉంటాయి, పక్కనున్న ముప్పైమంది కదలిక చూసుకుంటూ ఉండాలి. ఆ తేడా మీకు చాలకపోతే, నేను వాదించను. క్రికెట్లో ఐదు రోజులు ఆడి డ్రా చేసుకుని ఇంటికి పోయేవాళ్ళను చూసి చప్పట్లు కొట్టినవాణ్ణి నేను.

*

ప్రశ్న: మా అబ్బాయి ఉస్మానియా వెలోడ్రోమ్‌లో సైకిలు నేర్చుకుంటానంటున్నాడు. బ్రేకుల్లేని సైకిలు అని వింటే భయంగా ఉంది. ప్రమాదాలు జరుగుతాయా? (ఒక తల్లి, సికింద్రాబాద్)

జవాబు: జరుగుతాయమ్మా. మీకు అబద్ధం చెప్పను. 2006 నవంబరులో బెల్జియంలోని గెంట్ ఆరు రోజుల పందెంలో స్పెయిన్ పందెగాడు ఇసాక్ గాల్వెస్ ఇంకో సైకిలుకు తగిలి, అంచు కటకటాలకు గుద్దుకుని చనిపోయాడు. ఆ ఏడాది మేడిసన్‌లో ప్రపంచ విజేత అతను. మిగిలిన పందెం రద్దు చేశారు. అక్కడి ట్రాక్ బాగా చిన్నది, ఆరు చుట్లకు ఒక కిలోమీటరు.

కానీ నేర్చుకునే పిల్లవాణ్ణి ఎవరూ మొదటిరోజే జోడీ పందెంలోకి దించరు. ముందు కింద సమంగా ఉన్న భాగంలో, తర్వాత వాలు మీద ఒంటరిగా, ఆ తర్వాతే పక్కన మనిషి. బ్రేకు ఉంటేనే అక్కడ ప్రమాదం, ముందువాడు టక్కున ఆగితే వెనకవాళ్ళంతా మీద పడతారు. అందుకే తీసేశారు. హెల్మెట్ సరిపోయిందో లేదో మీరే చేత్తో కదిపి చూడండి. కోచ్‌ని ఒకసారి కలిసి, ఒకేసారి ఎంతమంది పిల్లల్ని ట్రాక్ మీద వదులుతారని అడగండి. ఆయన జవాబు చెప్పే తీరులోనే మీకు తెలిసిపోతుంది. కప్పు కింద తొక్కే చెక్క ట్రాక్ మన దేశంలో చూడాలంటే, 2010 కామన్‌వెల్త్ ఆటలకు ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలో కట్టినది ఉంది. అబ్బాయి నిలదొక్కుకుంటే ఎలాగూ అక్కడికి వెళ్తాడు.

*

ప్రశ్న: మా వాడు బెర్లిన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వచ్చే చలికాలం మేం వెళ్తున్నాం. ఆ పందెం ఇంకా జరుగుతోందా? (దంపతులు, రాజమండ్రి)

జవాబు: ఆరు రోజులు లేవండీ. కోవిడ్‌కి ఆగి, తిరిగి మొదలయ్యాక వారాంతంలో రెండు రోజులకు కుదించారు. పేరులో ఆరు మాత్రం వదల్లేదు. జనవరి చివర్లో గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ పడుతుంది, టికెట్లు తీసే ముందు తేదీ మీ అబ్బాయిని కనుక్కోమనండి. బయట గడ్డకట్టే చలి, లోపల చెమట పడుతుంది, కాబట్టి సులువుగా విప్పేసే కోటు వేసుకోండి. ఇద్దరూ శాకాహారులైతే ఇంట్లోనే తినేసి వెళ్ళండి. మలుపు దగ్గర సీట్లు తీసుకోండి, చెయ్యి పట్టి విసరడం దగ్గర్నుంచి కనిపిస్తుంది.

విజిలు మీరే ఇక్కడి నుంచి పట్టుకెళ్ళండి. నాది మా మనవడు లాగేసుకున్నాడు, వాళ్ళ బడిలో ఊది దొరికిపోయాడట.